వీపు మీద ఆగిన మాట

ఎమ్మిగనూరు,
నవంబరు 9, ఆదివారం.

అన్న మద్దయ్యకు నమస్కారాలతో తమ్ముడు సుధాకర్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. బెంగుళూరులో నువ్వూ హుసేనమ్మ వదినా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఆదోని హాస్టల్లో అశ్విని కూడా బాగుంది. పోయిన ఆదివారం ఫోన్ చేసి జలుబు తగ్గిందనీ, లెక్కల పరీక్షలో క్లాసుకంతా తనకే ఎక్కువ మార్కులనీ చెప్పింది. తండ్రివి నీకు చెప్పిందో లేదో మరి.

దసరా సెలవుల్లో నువ్వు చెబుతుంటే అశ్విని రాసిన ఉత్తరం నాకు అందింది. "ఫోన్లో అడిగితే బాగుండా అని పెట్టేస్తాండావు. అందుకే రాయిస్తాండా. ఒక్కోదానికి విడివిడిగా జవాబు రాయి" అన్నావు. నాలుగు ప్రశ్నలు అడిగావు. నెల దాటింది. మూడింటికి జవాబు ఆ రోజే రాసేవాణ్ణి. నాలుగో దాని దగ్గరే పెన్ను ఆగిపోయింది. అందుకే ఆలస్యం. కుట్టు పని ఎక్కువగా ఉందని నీకు ఫోన్లో చెప్పింది అబద్ధం.

ఒక మాట ముందే చెబుతున్నాను. ఈ ఉత్తరాన్ని ఎవరి చేతా చదివించుకోవద్దు. అశ్విని చేత వద్దు, వదిన చేత కూడా వద్దు. ఎంతసేపు పట్టినా నువ్వే కూడబలుక్కుని చదువు. తొమ్మిదో తరగతి దాకా చదివినవాడివి, నా రాత నీకు కొత్త కాదు.

అమ్మ పోయాక వంట ఎవరు చేస్తున్నారని అడిగావు. నేనే. పొయ్యిని గట్టు మీద నుంచి దించి నేల మీద పెట్టుకున్నాను. పీట మీద కూర్చుని అన్నం, పప్పు, ఏదో ఒక కూర చేసుకుంటాను. జొన్నరొట్టె మాత్రం నా చేతికి రాలేదు. ఒకటి తట్టి చూశాను, పెనం మీదికి పోయేలోపే మూడు ముక్కలైంది. వీధి చివర చౌడమ్మ రొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె దగ్గర రెండు తీసుకుంటాను. కొంచెం మాడినది ఇంకొకటి ఊరికే ఇస్తుంది. వద్దంటే వినదు.

నీళ్ళతోనే కష్టం. కొళాయి రోజు మార్చి రోజు పొద్దున వస్తుంది. నిండు బిందె నేను ఎత్తలేను కదా, జగ్గుతో పట్టి డ్రమ్ములో పోసుకుంటాను. ఒక చేత్తో జగ్గు, ఇంకో చేత్తో పోలియో వచ్చిన కుడి కాలి తొడను నొక్కి పట్టుకుని నడవాలి. గది చేరేసరికి సగం నీళ్ళు లుంగీ మీదే ఉంటాయి. డ్రమ్ము నిండాలంటే ఇరవై సార్లు తిరగాలి. వరసలో ఉన్న ఆడవాళ్ళు "పాపం, ఆయప్పను పట్టుకోనీండి" అని పక్కకు జరుగుతారు. మంచివాళ్ళే. కానీ ఆ పాపం అనే మాట లేకుండా జరిగితే ఎంత బాగుంటుందో. పోయిన వారం చౌడమ్మ అడక్కుండా నా చంక కింద చెయ్యి వేసి లేపబోయింది. "నేను అడిగినానా నిన్ను?" అని గట్టిగా అరిచాను. ఆమె మొహం చిన్నబోయింది. ఆ రోజు రొట్టెలకు పోలేక బన్ను తిని పడుకున్నాను. నా కోపం సంగతి నీకు తెలిసిందే.

రెండోది బాత్రూము. దాని గురించి సిగ్గుపడకుండా రాయమన్నావు. రాస్తున్నాను. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి పెట్టుకున్నాను. ప్లంబరు గోడకు ఇనుప పైపు బిగించి పోయాడు, దాన్ని పట్టుకుని లేస్తాను. నేల తడిగా ఉంటే భయం. దసరా ముందు వానలకు రెండుసార్లు పడ్డాను. మోచెయ్యి దోక్కుపోయింది. ఆ రోజే నువ్వు ఫోన్ చేశావు. బాగున్నాను అన్నాను.

మూడోది మూడు చక్రాల బండి. గొలుసు తెగితే వేయించాను, బాగానే తిరుగుతోంది. నా కుట్టు అంగడి ముందు నిలబెడితే పక్క హోటలుకు వచ్చినవాళ్ళు దాంట్లో కూర్చుని టీ తాగుతారు. లేవండప్పా అంటే "కాసేపే కదా" అంటారు. ఆ కాసేపూ నేను అరుగు పట్టుకుని నిలబడాలి. బ్యాంకుకు పోతే మెట్లు ఎక్కలేనని ఆఫీసరే కిందికి దిగి వచ్చాడు. నన్ను వదిలేసి ఆటో నడిపే యేసేపును అడుగుతాడు, "ఈయప్ప పేరేంది? సంతకం పెట్టేది వస్తాదా?" అని. ఆ ఆఫీసరు కూతురి పెళ్ళికి పదకొండు జాకెట్లు కుట్టింది నేను. ఆ మాటే అన్నాను. యేసేపు పడీ పడీ నవ్వాడు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఫారం మీద వేలు పెట్టి చోటు చూపించాడు, నేను సంతకం పెట్టాను.

ఇవన్నీ రోజూ ఉండేవే. వీటికి నేను అలవాటు పడ్డాను, వీటి కోసం ఎవరి బతుకూ ఆగనక్కరలేదు. నీ ఉత్తరం చివర ఉన్న మాటకు మాత్రం అలవాటు పడలేను. "అశ్విని చదువు ఇంతటితో చాలు. నవంబరు ఆఖరుకు నేనొచ్చి హాస్టల్ ఖాళీ చేయించి నీ దగ్గర వదిలిపోతా. వండి పెడతాది, నీళ్ళు పడతాది" అని రాయించావు. నువ్వు చెప్పావు, ఆ పిల్ల రాసింది. ఉత్తరమంతా గుండ్రటి పెద్ద అక్షరాలు. ఆ మూడు వాక్యాల దగ్గర మాత్రం అక్షరాలు చిన్నవయ్యాయి. కొట్టివేత ఒక్కటి కూడా లేదు. తన చదువు ఆగిపోతుందని తన చేత్తోనే రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేసి ఉంటుంది. పోయిన ఆదివారం నాతో మాట్లాడినప్పుడు ఆ ఊసే ఎత్తలేదు. మార్కులు మాత్రం చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు అర్థమైంది.

వద్దన్నా అని ఫోన్లో నీకు రెండుసార్లు చెప్పాను. "నువ్వు మొగమాటపడతాండావు. అదేమన్నా పరాయిదా? నీ కూతురు కాదా?" అన్నావు. అది కాదన్నా అంటే, "ఇంకేంది మరి, సెప్పు" అన్నావు. ఫోన్ పెట్టేశాను. చెప్పేదొకటి ఉంది. అది చెప్పకుండా నువ్వు ఆగవని నాకు తెలిసిపోయింది. నీ నాలుగో ప్రశ్నకు జవాబు కూడా అదే.

"అమ్మను మట్టి చేసిన దినం నా వీపు మీద ఉండి చెవి దగ్గర ఏదో చెప్పబోయి నిలిపినావు. ఏందది?" అని కదా అడిగావు. చెబుతాను. ఓపికగా చదువు.

నాకు పదకొండేళ్ళప్పుడు, నీకు పదిహేను. నేను ఆరులో చేరాను, నువ్వు తొమ్మిదికి వచ్చావు. మన ఊరి నుంచి గోనెగండ్ల హైస్కూలు ఒకటిన్నర కిలోమీటరు. పత్తి తీసేవాళ్ళు నడుముకు ఒడి కట్టుకున్నట్టు అమ్మ తన పాత చీరను నీ నడుముకూ భుజానికీ కట్టి, వెనక నన్ను కూర్చోబెట్టేది. నీ పుస్తకాలు నా మెడలో, నేను నీ వీపు మీద. బడికి ఆలస్యమైతే గేటు బయట నిలబెట్టేది నిన్ను. నన్ను లోపలికి పంపేవాళ్ళు. గంట కొట్టినప్పుడల్లా నీ క్లాసు వదిలి నా క్లాసుకు పరుగెత్తుకు వచ్చేవాడివి, నన్ను ఒంటికి గోడ వెనక్కి తీసుకుపోవడానికి.

ఆ ఏడు దసరా అయ్యాక ఆదోనిలో క్యాంపు పెట్టి నాకు క్యాలిపర్ ఇచ్చారు. గుర్తుందా? తొడ నుంచి మడమ దాకా రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద నల్ల బూటు. దాన్ని నేను వేసుకున్నది పంతొమ్మిది రోజులు. బడికి గంట పైనే పట్టేది. ఆ పంతొమ్మిది రోజులూ నువ్వు నా పక్కన లెక్కల పుస్తకం తెరిచి పట్టుకుని చదువుకుంటూ నడిచావు. నా అడుగుకు సరిపోయేలా నీ అడుగు తగ్గించుకుని, పేజీలు తిప్పుకుంటూ. నీ మొహం అంత తేటగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

తోలు పట్టీ ఒరుసుకుని పుండు పడింది. అది ఓర్చుకునేదే. పంతొమ్మిదో రోజు ప్రార్థన దగ్గర బడి అంతా నిలబడి ఉండగా నేను వెల్లకిలా పడ్డాను. బండ మీద ఇనుము మోగింది. ముందు ఎవరో ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నువ్వు వరస విడిచి వచ్చి నన్ను లేపి నిలబెట్టావు. "ఏం కాదు, నడువు" అన్నావు. ఎత్తుకుంటావనుకున్నాను. ఎత్తుకోలేదు. నాకు నీ మీద కోపం వచ్చింది. నీ వీపు మీద పోయేటప్పుడు నేను అందరికంటే ఎత్తులో ఉండేవాణ్ణి. నేల మీద అందరికంటే వెనక ఉన్నాను.

మరుసటి రోజు పొద్దున అమ్మ రొట్టె తడుతోంది. ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, ఈరన్నసామి కలలోకి వచ్చినాడు" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. "ఏమన్నాడు నాయనా?"

"నీ కాలికి ఇనుము తగలరాదు అన్నాడు. తగిలితే రెండో కాలు కూడా పోతాదన్నాడు."

సామి నా కలలోకి రాలేదన్నా. ఆ రోజే కాదు, ఏ రోజూ రాలేదు.

మన ఇంట్లో కలకు ఎదురు లేదని నాకు తెలుసు. నీకు మద్దయ్య అని పేరు పెట్టింది కూడా అమ్మకు వచ్చిన కలను బట్టే. అమ్మ పేరే ఈరమ్మ, ఆమె ఆ సామిని కాదంటుందా? ఎట్లున్నాడు సామి అని ఆమె అడిగితే, మన గోడ మీది పటంలో ఎట్లుందో అట్లే చెప్పాను. అమ్మ పిండి చేతులతోనే లెంపలు వేసుకుంది. రెండు బుగ్గల మీదా జొన్నపిండి అంటుకుంది. "తప్పయింది సామీ, తెలీక తొడిగించినా" అని ఏడ్చింది. నువ్వు గడప దగ్గర లెక్కల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నావు. పుస్తకం నా సంచిలో పెట్టి, నా ముందుకు వచ్చి వంగి, "ఎక్కురా, బడికి పొద్దయితాంది" అన్నావు. నేను ఎక్కాను.

ఆ ఏడు నువ్వు తొమ్మిది తప్పావు. లెక్కల సారు మన ఇంటికి వచ్చాడు. "ఇంకొకసారి తొమ్మిది చదువు మద్దయ్యా, నీకు లెక్కలు బాగా వస్తాయి, పాలిటెక్నిక్‌కు నేను రాయిస్తా" అన్నాడు. నువ్వు, "వాన్ని మోసేది ఎవరు సార్? రెండూ నాతో కావు. చదివేది వాడు, మోసేది నేను" అన్నావు. మంచం మీద కూర్చుని విన్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నాలుగు మాటలు చాలు. చెబితే అమ్మ కొడుతుందనే భయం కాదు, చెబితే మళ్ళీ నేల మీద నడవాలి కదా అని. నన్ను పదో తరగతి దాకా నువ్వే మోశావు. పొద్దున నన్ను బడిలో దించి పత్తి చేనికి కూలికి పోయేవాడివి. సాయంత్రం చేను నుంచి నేరుగా వచ్చి గేటు దగ్గర నిలబడేవాడివి. ఏ బడిలో నీ పేరు కొట్టేశారో ఆ బడికే నాలుగేళ్ళు వచ్చావు. పదిలో నాకు మంచి మార్కులు వచ్చాయని ఊరంతా చక్కెర పంచావు.

తర్వాత కూడా చెప్పడానికి ఎన్నో అవకాశాలు వచ్చాయి. నాకు ఇరవై ఏళ్ళప్పుడు మళ్ళీ క్యాంపు పెట్టారు. పోదామా అంటే అమ్మ, "సామి మాట మరిచినావా?" అంది. నేను నోరు మూసుకున్నాను. కుట్టు మిషన్ కొన్నప్పుడు ఆ ఇనుప పెడల్ కాలికి తగులుతుందని అమ్మ దానికి గుడ్డ చుట్టింది. గుడ్డ చిరిగితే అమావాస్య నాడు కొత్తది చుట్టేది. పదేళ్ళు చుట్టింది. నా కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె ముడి వేస్తుంటే నేను జాకెట్టు కొలతలు చూసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. ఆ నమ్మకంతోనే పోయింది. ఆమెకు చెప్పుకునే దారి ఇక లేదు.

మట్టి చేసిన రోజు నువ్వు ముందు పాడె మోశావు. దాన్ని దించి వెనక్కి వచ్చి, నేను కూడా పిడికెడు మట్టి వేయాలని నన్ను ఎత్తుకున్నావు. ముప్పై అయిదేళ్ళ మనిషిని, నడుముకు బెల్టు కట్టుకున్న నువ్వు. సెంట్రింగ్ పనికి బెల్టు పెట్టుకుని పోతున్నావనీ, డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడనీ వదిన నాకు చెప్పింది. నీ ఊపిరి ఆడటం నాకు వినిపిస్తోంది. దారిలో మన ఊరి ఈరన్న గుడి వచ్చింది. ఆ గుడి గంట వేలాడే కొక్కెం ఉంది చూడు, అది నా క్యాలిపర్ కడ్డీయే. అమ్మ గుడిలో ఇచ్చివస్తే, ఉత్త ఇనుమెందుకని కమ్మరి చేత వంపించి గంట తగిలించారు. అది నీకూ తెలుసు. బెంగుళూరు పోయే ప్రతిసారీ నువ్వు ఆ గంట కొట్టి, నా రెండో కాలిని చల్లగా చూడమని మొక్కి పోతావు. ఆ కొక్కెం చూడగానే నోటి దాకా వచ్చింది. "అన్నా" అన్నాను. "ఏందిరా?" అన్నావు. "ఏం లేదు, మెల్లగా పో" అన్నాను. ఆ రోజు నీ వీపు మీద ఆగిన మాట ఇదే.

అన్నా, నీ చదువు పోగొట్టింది పోలియో కాదు, సామి కాదు. నేను. నాకు కాలు లేదని నువ్వు మోయలేదు, ఆ కాలితో నేను నడవనన్నాను గనక మోశావు. ఇప్పుడు నీ కూతురు కూడా అదే పని చేయబోతోంది, అందుకే ఇదంతా రాశాను. అది నీలాగే లెక్కల్లో గట్టిది. దాన్ని హాస్టల్ నుంచి తీసుకురావద్దు. తీసుకువస్తే నేను ఈ గది తలుపు తీయను. నామీద కోపముంటే అది నామీదే చూపించు, ఆ పిల్ల మీద కాదు.

వంటకు, నీళ్ళకు దారి చూసుకున్నాను. భాద్రపదంలో యేసేపు ఆటోలో బస్టాండు దాకా పోయి, అక్కడి నుంచి బస్సులో ఒక్కణ్ణే ఆదోని పోయాను. క్యాంపులో డాక్టరు నా మోకాలు చూసి, "చిన్నప్పటి నుంచి వేసుకుని ఉంటే ఇంత వంగిపోయేది కాదు. ఇన్నేళ్ళు ఎందుకు వేసుకోలేదు?" అన్నాడు. మా ఊళ్ళో దొరకలేదు సార్ అన్నాను. అక్కడ కూడా అబద్ధమే. అయినా కొలతలు తీసుకున్నాడు. పోయిన నెలలో కొత్తది వచ్చింది. పాతదానికంటే తేలిక. మొదటి వారం గదిలోనే తిరిగాను, రెండుసార్లు పడ్డాను. పుండు పాత చోటే పడింది. నిన్న మొదటిసారి కొళాయి దాకా పోయాను. తొడ పట్టుకోనక్కరలేదు గనక రెండు చేతులా రెండు జగ్గులు. తిరగడం పదిసార్లకు తగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు. చౌడమ్మ మాత్రం చూసి, "అది బిగుతుగా ఉందేమో, వదులు చేసుకో" అంది. మొన్న అరిచినందుకు తప్పయిందని ఆమెకు చెప్పాను.

పెడల్‌కు అమ్మ చుట్టిన గుడ్డ ఈ రోజు పొద్దున విప్పాను. అశ్విని రాసిన ఉత్తరం దాంట్లో చుట్టి పెట్టాను.

నువ్వు నెలాఖరుకు తప్పకుండా రా. ఖాళీ చేతులతో ఒక్కడివే రా. వస్తూ ఆదోనిలో దిగి ఆ పిల్లకు చదువుకోమని నీ నోటితో చెప్పు. నేను చెబితే నమ్మదు, రాయించింది నువ్వు గనక. ఎప్పుడూ బస్సు దిగగానే నలుగురి ముందూ నా ఎదురుగా వంగి "ఎక్కురా" అంటావు. ఈసారి వంగొద్దు. బస్టాండు గేటు దగ్గర నిలబడి ఉండు. నేను అవతలి వైపు నుంచి రోడ్డు దాటి వస్తాను. చాలాసేపు పడుతుంది, చప్పుడు కూడా వస్తుంది. మధ్యలో పడినా రావద్దు. నీ దగ్గరికి వచ్చాక కొట్టాలనిపిస్తే కొట్టు. మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు. నేను చేరేదాకా మాత్రం వెనక్కి తిరిగి పోవద్దన్నా.

ఇట్లు,
ఇరవై నాలుగేళ్ళు ఆలస్యంగా నీ వీపు దిగిన
తమ్ముడు సుధాకర్